కళ్ళు మూసుకోని ప్రార్థన

మా అత్తగారు ఆరాధనకి వెళ్ళి ఎనిమిది నెలలయింది. నేను కారు నడపడం నేర్చుకోవడానికి కారణం అదొక్కటే.

అవి డెబ్బైల మొదటి సంవత్సరాలు. మా వారికి ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో గుంటూరు వైపు నుంచి వచ్చి, హఫీజ్‌పేట్ స్టేషనుకి మైలు దూరంలో ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నాం. ఇంటి ముందు మట్టి రోడ్డు, వెనక బండరాళ్ళ గుట్ట. మేం చేరిన సంఘం నగరంలో ఉండేది. పన్నెండు మైళ్ళు. వచ్చిన కొత్తలో ముగ్గురం బస్సులో వెళ్ళేవాళ్ళం. తర్వాత అత్తగారి మోకాళ్ళు వాచి బిగుసుకుపోయాయి. చివరిసారి కండక్టరూ నేనూ చెరో రెక్క పట్టుకుని ఎక్కించాం. ఆవిడ అరవలేదు గానీ, సీట్లో కూర్చున్నాక చూస్తే కింది పెదవి మీద పళ్ళ గాటు పడి ఉంది. ఇంటికొచ్చాక, ఇక వద్దులేవే, మీరిద్దరూ వెళ్ళి రండి, అన్నారు.

పాస్టరుగారు రెండుసార్లు అంత దూరం వచ్చి ఇంట్లోనే ప్రభు సంస్కారం ఇచ్చి వెళ్ళారు. ఆయన్ని సాగనంపి లోపలికి వచ్చేసరికి అత్తగారు ఖాళీ గిన్నెకేసి చూస్తూ కూర్చుని ఉన్నారు.

"రొట్టే వచ్చింది, ద్రాక్షరసమూ వచ్చింది. పాటే రాలేదే అమ్మాయ్," అన్నారు.

ఆవిడకి కావలసింది నలుగురి గొంతుల మధ్య కూర్చోవడం. గుండె బలహీనంగా ఉందనీ, ఎన్నాళ్ళని చెప్పలేమనీ డాక్టరు మా వారితో విడిగా అన్నాడు. ఆ మాట మేం ఆవిడకి చెప్పలేదు. ఆవిడకి తెలుసని మాకు అర్థమవుతూనే ఉండేది.

పోయిన మామగారు వాడిన పాత ఫియట్ కారు మా రేకుల షెడ్డులో ఉండేది. మా వారికి చిన్నప్పుడు చెట్టు మీంచి పడి కుడి మడమ విరిగి వంకరగా అతుక్కుంది. నడుస్తారు గానీ పాదంతో గట్టిగా తొక్కలేరు. ఆ మూలన నిలబడ్డ కారుని తుడుస్తూ తుడుస్తూ ఒకరోజు, నేను నేర్చుకుంటాను, అన్నాను. మా వారు నవ్వలేదు. వారం తిరక్కుండా లింగంపల్లి నుంచి ఒక డ్రైవింగ్ మాస్టారిని మాట్లాడుకొచ్చారు.

ఆయన నగరంలోని డ్రైవింగ్ స్కూల్లో చాలా ఏళ్ళు నేర్పి, వయసు మీదపడ్డాక ఇళ్ళకి వచ్చి నేర్పుతున్న మనిషి. తెల్లగడ్డం, ఖాకీ కోటు, సైకిలు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళు. నేను ఉస్తాద్‌గారూ అంటే, ఉస్తాద్ అన్నాక మళ్ళీ గారెందుకు తల్లీ అని నవ్వాడు. కారు తాకేముందు మా పంపు దగ్గర చేతులు కడుక్కునేవాడు. ఎక్కాక బిస్మిల్లా అనుకుని అప్పుడు తాళం నా చేతికిచ్చేవాడు. నేనూ ఒక నిమిషం ప్రార్థన చేసుకోవచ్చా అని అడిగాను. చేసుకో, మంచిదే కదా, అన్నాడు. చేతులు జోడించి, కళ్ళు మూసుకుని ప్రార్థించాను. ఇంజను ఇంకా స్టార్టు కాలేదు గనక ఆయనకి అందులో తప్పేమీ కనబడలేదు.

మొదటిరోజు నన్ను మోసం చేసింది ఒక మాట. స్టేషను వెనక ఖాళీ స్థలంలో బండి మెల్లగా కదులుతోంది. ఎదురుగా ఎవరిదో గడ్డివామి. "బ్రేక్ దబాయించమ్మా," అన్నాడు ఉస్తాద్. మా వైపు దబాయించడమంటే గద్దించి నోరు మూయించడం. బ్రేకుని ఎలా గద్దించాలా అని నేను తడబడుతుంటే ఆయన గొంతు పెంచి, దబాయించు, దబాయించు, అన్నాడు. నేను కిందికి చూసి, ఆగు, ఆగమంటుంటే, అని గట్టిగానే అన్నాను. బండి వెళ్ళి గడ్డివామిలో మూతి పెట్టి ఆగింది.

ఉస్తాద్ నవ్వి నవ్వి కోటు అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఎద్దుల బండి అనుకున్నవా బిడ్డా, అదిలిస్తె ఆగనీకి? దబాయించుడంటే కాలుతోని ఒత్తుడు."

"అలాగేనండి," అన్నాను.

"గదొకటి. నువ్వు అండీ అనేలోపల బండి పోయి గుద్దుకుంటది. ముందు కాలు, ఎనుక మాట."

అలా నెల గడిచింది. ఉదయం ఏడింటికి వచ్చేవాడు. నల్లగండ్ల దాకా, ఒక్కోసారి తెల్లాపూర్ దాకా వెళ్ళి వచ్చేవాళ్ళం. రోడ్డుకి రెండు పక్కలా జొన్న చేలు, ద్రాక్ష తోటలు, రాయి మీద రాయి పేర్చినట్టున్న గుట్టలు. ఇవాళ అక్కడ అంతస్తులు లెక్కపెట్టడానికి మెడ వెనక్కి వంచాలి. అప్పుడు ఎదురొచ్చేవి ఎడ్లబళ్ళూ గొర్రెలే. ఉస్తాద్ పక్క సీట్లో నా వైపుకి కాస్త తిరిగి కూర్చుని, ఎడమచేతిలో తస్బీ పూసలు తిప్పుకుంటూ, కుడిచేతిని మాత్రం హ్యాండ్‌బ్రేకుకి దగ్గరగా ఉంచేవాడు. గేరు మార్చడం వచ్చింది. చెయ్యి బయటికి చాపి సిగ్నలివ్వడం వచ్చింది. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని, బండి గేటులోకి వచ్చేటప్పుడు ఎన్నిసార్లు ఆగిపోయిందో లెక్కపెట్టి నాకు అప్పజెప్పేవారు.

అప్పుడు జరిగింది అది. నల్లగండ్ల మలుపులో ఒక్కసారిగా బర్రెల మంద రోడ్డెక్కింది. చిన్నప్పటి నుంచి భయం వేస్తే నేను చేసే పని ఒకటే. ఆ పనే చేశాను. స్టీరింగు వదిలేసి, రెండు చేతులూ జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని, ప్రభువా, అన్నాను.

కళ్ళు తెరిచేసరికి మేం జొన్న చేలో ఉన్నాం. ఉస్తాద్ ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని ఇంకో చేత్తో హ్యాండ్‌బ్రేకు లాగి పట్టుకుని ఉన్నాడు. తస్బీ తెగి పూసలు కాళ్ళ దగ్గర పడి ఉన్నాయి. బర్రెలు తమ మానాన తాము దాటిపోయాయి. ఆయన దిగి, దగ్గర్లోని మోట బావికి పోయి రేకు డబ్బాతో నీళ్ళు తెచ్చి నాకిచ్చాడు. నేను తాగేదాకా ఆగాడు.

"బిడ్డా, నీకు ఫిట్స్ గిట్ల వస్తయా? ఉంటే దాచకు. లైసెన్స్ ఇయ్యరు. నేను గూడ నేర్పియ్య."

నాకు తల కొట్టేసినట్టయింది. మూర్ఛ కాదని, ప్రార్థన అని చెప్పాను. ఆదివారం బడిలో ప్రార్థన వేళ కళ్ళు తెరిచిన పిల్లల తలమీద మా టీచరు వేలితో మొట్టేదని, ఇరవై ఏళ్ళ అలవాటు నా చేతిలో లేకుండా పోయిందని చెప్పాను. అత్తగారి సంగతి కూడా చెప్పాను. అప్పటిదాకా ఆయనకి ఎందుకు నేర్చుకుంటున్నానో తెలియదు. ఆయన పూసలు ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకుంటూ విన్నాడు.

"మేము నమాజ్‌ల కండ్లు మూసుకోం," అన్నాడు చివరికి. "సజ్దా చేసే జాగ, అంటే నొసలు భూమికి ఆనే జాగ, దాని మీదనే నజర్ ఉంటది. నువ్వు స్టీరింగ్ పట్టినంక ముందున్న రోడ్డే నీ జాగ. ఆడ నజర్ పెట్టి ఏం అడుగుతవో అడుగు. చేతులు స్టీరింగ్ మీదనే ఉండనీ, దేవుడు ఏమనుకోడు." ఖాళీ డబ్బా నా చేతిలోంచి తీసుకుని, "ఇంకోసారి మూసినవంటే నేను రాను తల్లీ. మీ అత్త పానం గూడ గీ బండిలనే ఉంటది," అన్నాడు.

ఆయనే బండి ఇంటిదాకా నడిపాడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. కోపమేమీ రాలేదు, భయం వేసింది. కళ్ళు తెరిచి చేస్తే అది ప్రార్థన అవుతుందా అని నాకు నిజంగా సందేహం. ఇవాళ్టి వాళ్ళకి నవ్వొస్తుందేమో. నేను పెరిగిన సంఘంలో కళ్ళు మూసుకోవడం, తలమీద కొంగు వేసుకోవడం దేవుడి ముందు నిలబడే మర్యాద. ఆ మర్యాద తప్పి ఆయన్ని ఏదైనా అడగడం నాకు చేతకాదు.

సాయంత్రం అత్తగారి మోకాళ్ళకి నూనె రాస్తూ జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడకి లేఖనాలు కంఠతా వచ్చు. మా పెళ్ళి కుదిర్చేటప్పుడు ఆవిడ నన్ను అడిగినవి వంటల గురించి కాదు, వాక్యాల గురించి. అంతా విని, "మూసుకోమని ఎక్కడ రాసుందే?" అన్నారు.

నేను వెతుక్కున్నాను. మనసులో ఒక్కొక్క పుస్తకమే తిప్పాను. మోకాళ్ళూనడం ఉంది, చేతులెత్తడం ఉంది, నేలమీద సాగిలపడటం ఉంది. ప్రభువు ఆకాశం వైపు కన్నులెత్తి ప్రార్థించడం ఉంది. కళ్ళు మూసుకోమని ఎక్కడా తగల్లేదు.

"లేదు అత్తయ్యా."

"నలభై ఏళ్ళు కుటుంబ ప్రార్థనలో నేను ఒక కన్ను తెరిచే ఉంచాను," అన్నారు ఆవిడ. "పొయ్యి మీద పాలుండేవి. మీ మామగారి ప్రార్థన పొడుగు."

నూనె గిన్నె పక్కన పెట్టి ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆవిడ నవ్వు ఆగాక నా చెయ్యి పట్టుకుని, "నన్ను పాట దగ్గరికి తీసుకెళ్ళవే," అన్నారు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. ఆ ఒక్కసారే అడిగారు.

మర్నాటి నుంచి షెడ్డులో ఆపి ఉన్న కారులో కూర్చుని అభ్యాసం చేశాను. చేతులు స్టీరింగు మీద, చూపు ఎదురుగోడ మీద. మొదట్లో మాట కుదరలేదు. గోడమీది బల్లి, రేకుల సందులోంచి పడే ఎండ, అన్నీ ప్రార్థనలోకి వచ్చి పడేవి. నాలుగోరోజు బల్లిని కూడా కలుపుకుని ప్రార్థించాను, అప్పుడు కాస్త దారిలో పడింది. ఆ వారమే తెల్లాపూర్ దగ్గర గొర్రెలు అడ్డొచ్చాయి. ప్రభువా అన్నాను. చూపు ఆ గొర్రెల మీదే ఉంది, చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, కాలు దాని పని అది చేసింది. బండి ఆగింది. గొర్రెలు ఒక్కొక్కటీ ఎంత నింపాదిగా దాటుతున్నాయో, ఆఖరున కుంటుతూ వస్తున్న పిల్ల ఎలా తల్లిని పిలుస్తోందో, అంతా చూశాను. ఆ కుంటి పిల్ల కోసం కూడా ఓ మాట అడిగాను. ఉస్తాద్ హ్యాండ్‌బ్రేకు దగ్గర్నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. శభాష్ అనలేదు. ఇగ నడువు, అన్నాడు.

లైసెన్సు పరీక్షలో ఇన్‌స్పెక్టరు నన్ను ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా కదిలించమన్నాడు. కదిలించాను. అదే రోజు ఉస్తాద్ సైకిలెక్కుతూ సెలవు తీసుకున్నాడు. మొదటి ఆదివారం మాతో రమ్మని బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు. నేను పక్కన కూచుంటే నువ్వు నా దిక్కే చూస్తవు, అన్నాడు. మీ అత్తమ్మకి నా సలాం చెప్పు, అన్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే అత్తగారు తెల్లచీర కట్టుకుని కూర్చున్నారు. మా వారు ఆవిడని ఎత్తుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టి, తాను వెనక ఎక్కారు. నేను గంటకి పదిహేను మైళ్ళు దాటలేదు. సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయాయి. హఫీజ్‌పేట్ రైలుగేటు దగ్గర గూడ్సు బండి కోసం చాలాసేపు ఆగాల్సి వచ్చింది. ఆలస్యమవుతుందని నాకు ఒకటే ఆదుర్దా. అత్తగారు మాత్రం అద్దం దించుకుని డబ్బాలు లెక్కపెట్టారు. యాభై రెండన్నారు. దాదాపు పది నెలల తర్వాత ఆవిడ చూసిన మొదటి రైలు అది.

మేం చేరేసరికి రెండో పాట అయిపోవస్తోంది. యువకులు నలుగురు కుర్చీ తెచ్చి ఆవిడని లోపలికి మోసుకెళ్ళారు. నేను కారు తాళం చేత్తో పట్టుకుని వెనకే నడిచాను. మూడో పాట మొదలైంది. అత్తగారు పాడలేదు. పెదవులు కూడా కదపలేదు. పాట వస్తున్న వైపుకి ముఖం తిప్పి, వర్షంలో నిలబడ్డట్టు కూర్చున్నారు. సంస్కారం ఆవిడకి పాస్టరుగారే తెచ్చి ఇచ్చారు. ఆ తర్వాత కొంగుతో ముఖం కప్పుకున్నారు.

తిరుగుదారిలో మా వీధి మలుపు రాగానే, "అప్పుడే ఇంటికా?" అన్నారు. నేను మలుపు తిప్పకుండా తెల్లాపూర్ వైపు పోనిచ్చాను. వెనక సీట్లోంచి మా వారు, పెట్రోలు, అని ఏదో అనబోయి ఊరుకున్నారు.

ఆ తర్వాత ఆవిడకి పద్నాలుగు ఆదివారాలు మిగిలాయి. పదమూడు ఆదివారాలు తీసుకెళ్ళాను. ఒక్క ఆదివారం, ఆవిడ సిద్ధమై కారులో కూర్చున్నాక, వెనక టైరు గాలి లేకుండా నేలకి అంటుకుపోయి ఉందని చూశాం. స్టెప్నీ కూడా పంక్చరే. ఏడుపొచ్చింది నాకు. మా వారు టైరు విప్పి దుకాణానికి తీసుకెళ్ళాలంటే మధ్యాహ్నమవుతుంది. దిగుదాం అత్తయ్యా, లోపల వాక్యం చదువుకుందాం, అన్నాను.

ఆవిడ దిగలేదు. "ఇక్కడే కూర్చుందాం. నువ్వు పాటెత్తుకో," అన్నారు.

నేను ఎత్తుకున్న పాటకి ఆవిడ సన్నని గొంతుతో అందుకున్నారు. బయట జాకీ తిప్పుతున్న మా వారు రెండో చరణానికి కలిశారు. కారు మా ఇద్దరితో సహా మెల్లమెల్లగా ఒక వైపు పైకి లేస్తోంది. ఆవిడ నా భుజం పట్టుకుని పాడుతూనే ఉన్నారు.