జెలీ పన్నెండు సీసాలు

మా పొయాక్ ఊళ్ళో మా పక్కింటి జెలీ గురించి ఎవరిని అడిగినా మంచే చెబుతారు. అందుకే నేనూ రెండు ముక్కలు రాస్తున్నాను.

పదిహేనో ఏట జెలీ ద్రాక్షతోట యజమాని గారి వైన్ నేలమాళిగలో పనికి చేరింది. కొత్త వైన్ తేటపడడానికి పీపాల్లో గుడ్ల తెల్లసొన వేస్తారు. ఆ గుడ్లు కొట్టడం ఆమె పని. నేను తోటలో ద్రాక్షతీగలు కట్టేదాన్ని. ఎండా వానా నాకు, నీడ ఆమెకు. మిగిలిన పచ్చసొనలూ ఆమెకే. వాటితో కేకులు చేసి వీధంతా పంచి మంచిపేరు కొట్టేసింది. నాకూ పెట్టేది. తినేదాన్ని గానీ బాగుందని ఒక్కనాడూ అనలేదు.

మా ఇద్దరికీ ఒకే ఏడు ఆడపిల్లలు పుట్టారు. ఆ ఏటి వైన్ సీసాలకెక్కాక, పిల్లల పెళ్ళిళ్ళకు తెరవండని యజమాని గారు చెరో పన్నెండు ఇచ్చారు. ఒకే పీపాలోదైనా దాచిన చోటుని బట్టి ముదురుతుంది. మా మాళిగ చల్లన, వైన్‌కి అదే మంచిది. జెలీ వైన్ నా వైన్ ముందు వెలవెలబోవాలని ఆ రోజే పంతం పట్టాను.

పట్టినదాన్ని ఊరుకోవచ్చుగా? నాది ఎంత ముదిరిందో చూద్దామని ఏడాదికొకటి తెరిచాను. నాలుక పీక్కుపోయే వగరు.

"కుండలో చిక్కుళ్ళనుకున్నావా, ఉడికాయో లేదో మాటిమాటికీ నొక్కి చూడ్డానికి?" అనేవాడు మా ఆయన గస్తోన్.

గోడ అవతల నుంచి జెలీ నవ్వేది. "మళ్ళీ తెరిచావా అర్మాందా? నిద్రపోయే పిల్లని లేపి ఎంత పొడుగయ్యావని అడుగుతామటే?"

"నీ సీసాలకి బూజు పట్టిందేమో చూసుకోవే ముందు!"

పన్నెండేళ్ళకు నా పన్నెండూ అయిపోయాయి. ఇరవై మూడో ఏట మా అమ్మాయి పెళ్ళి. బల్ల మీద కొట్లో కొన్న వైన్. అప్పుడొచ్చింది జెలీ, చంకలో తను దాచిన రెండు సీసాలతో.

"ఇద్దరూ ఒకే ఏటి పిల్లలు. ఇది నీ కూతురిదే అనుకో."

గ్లాసుల్లో పోయగానే బంధువులంతా మాటలాపి వాసన చూడసాగారు. నా కడుపు మండిపోయింది. నా సూప్ గిన్నె అడుగున కాస్త మిగిలి ఉంది. మా వైపు సూప్ అడుగున చవక వైన్ కలుపుకుని తాగడం అలవాటు; అలాగే నా గ్లాసంతా అందులో కుమ్మరించాను.

"జెలీ వైన్ దీనికైతే సరిపోతుంది!"

జెలీ నన్నోసారి చూసి, తన గ్లాసు కూడా తన గిన్నెలో వంపేసుకుంది.

"తాగవే, చల్లారిపోతుంది."

గిన్నె రెండు చేతులా ఎత్తి తాగాను. పన్నెండేళ్ళు నా నాలుక పీకిన ఆ వగరు ఏమైపోయిందో! సూప్ జిడ్డు కూడా దాన్ని చంపలేకపోయింది. పట్టులా జారింది, తాతలనాటి దేవదారు పెట్టె మూత తీసినట్టు పరిమళం.

"ఎలా ఉందే?" అంది జెలీ, మూతి తుడుచుకుంటూ.

"సూప్‌లో ఉప్పు తక్కువైంది," అన్నాను.

ఆమె పోయి నాలుగేళ్ళు. ఆ వైన్ ఎలా ఉందని ఎవరడిగినా ఇప్పటికీ అదే చెబుతున్నాను. ఆ సూప్ వండింది నేనే.