పదికి పది వేసిన ఐదో వాక్యం

నాకు ముక్కు మీదే కోపం. ముప్పయ్యేళ్లు బళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక కుక్కర్ మీదా పాల ప్యాకెట్ల మీదా చూపిస్తూ వచ్చాను. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయి మూడేళ్లయింది. నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర ఒక క్లినిక్ పైన రెండు గదుల్లో ఉంటాను. కింద కాంపౌండర్ ఒక్కొక్క పేషెంటునూ పేరు పెట్టి పిలుస్తుంటే పైన కూర్చుని వింటాను. రోజంతా ఎవరినో ఒకరిని పిలుస్తూనే ఉంటారు. నా పేరుతో మాత్రం ఎవరికీ పని పడదు.

అలాంటి రోజుల్లో ఆమె వచ్చింది. ఎడపల్లి నుంచి బస్సులో వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం. ముప్పై నాలుగేళ్ల మనిషి. టీచర్ పోస్టుల పరీక్షకు చదువుతోంది. భర్త వరికోత మిషన్ నడుపుతాడు, కోతలు మొదలైతే ఇంటి ముఖం చూడడు. ఇంట్లో ఆమె, అత్త, అంతే.

"మా ఆయన గీ ఒక్కసారికే ఒప్పుకుండు మేడమ్. గీసారి కాకపోతే మల్ల బీడీలు చుట్టుకుంట కూసునుడే" అంది మొదటి రోజే. పదో తరగతి నుంచీ బీడీలు చుట్టి, ఆ చేతులతోనే డిగ్రీ, బీఈడీ పూర్తి చేసిన మనిషి. ఆమె వేళ్ల కొసలు చూస్తేనే తెలుస్తుంది.

ఆ రెండు రోజుల కోసం మిగతా ఐదు రోజులు బతికేదాన్ని. నిజం చెప్పడానికి సిగ్గెందుకు? మంగళవారం ఇస్త్రీ చీర కట్టేదాన్ని. చాయ్‌కి పాలు ఎక్కువ తెప్పించేదాన్ని. ఈ సంగతి ఆమెకు తెలియనిస్తానా! పావుగంట ఆలస్యమైతే తలుపు దగ్గరే తిట్టేదాన్ని.

"బస్సు రాలే మేడమ్."

"నేను బస్సుకు ఇంగ్లీషు చెప్తలేను, నీకు చెప్తున్న."

నవ్వేది. ఆ నవ్వు ఆమె వెళ్లాక కూడా కాసేపు గదిలో ఉన్నట్టే అనిపించేది.

నా క్లాసులో ఒక పట్టు ఉంది. గైడుల్లోని వాక్యాలు రాస్తే ఊరుకోను. ఏ పాఠం చెప్పినా చివర ఐదు వాక్యాలు రాయాలి, అవి మీ ఇంట్లోంచి, మీ బతుకులోంచి రావాలి. ముప్పయ్యేళ్లు పిల్లలను ఇలాగే సతాయించాను. నాలాంటి టీచర్ జిల్లాలో లేదని నాకు లోలోపల గర్వం కూడా.

పరీక్షకు ముందు మంగళవారం సబార్డినేట్ క్లాజుల్లో మోడల్ వెర్బ్స్ చెప్పాను. పెద్ద వాక్యం కడుపులో ఒక చిన్న వాక్యం ఉంటుంది, దానిలో వుడ్, కుడ్, షుడ్, మైట్ ఎక్కడ ఏది పడుతుందో చూడాలి. వస్తాడేమోనని ఆశ, రాడేమోనని భయం, ఎవరైనా చేయగలిగితే బాగుండునన్న కోరిక, అన్నీ ఆ లోపలి వాక్యంలోనే ఉంటాయి. ఆమె గడ్డం కింద పెన్ను పెట్టుకుని విన్నది.

"మేడమ్, గీ ఇంగ్లీషోళ్లు సక్కగ అడగరా? ఒక మాట అడగాల్నంటే గింత సుట్టు తిరుగుతరా?"

"అది మర్యాద. నోరు మూసుకొని రాయి."

రాసింది. మామూలుగా గబగబా రాసేది, ఆ రోజు చాలాసేపు పట్టింది. నేను ఎర్ర పెన్ను తీసుకున్నాను. అత్త స్నానాల గదిలో జారి పడింది, ఇక లేవదేమోనని భయంగా ఉంది అని మొదటి వాక్యం. స్పెల్లింగ్ దిద్దాను. ఆమెను ఒంటరిగా వదలకూడదని డాక్టర్ చెప్పాడని రెండోది. బాగుంది. మిషన్ మహారాష్ట్ర వైపు వెళ్లింది, భర్త ఎప్పుడు రాగలడో తెలియదు అని మూడోది. ఒక మాట కొట్టేసి ఇంకోటి రాశాను. కోడలు టీచర్ కావాలని అత్తే పట్టుబట్టిందని నాలుగోది. ఐదోది ఇది: ఆదివారం ఎవరైనా మా అత్త దగ్గర కూర్చోగలిగితే, నేను పరీక్ష రాయగలను.

ఒక్క తప్పు లేదు. పెద్ద టిక్కు పెట్టాను. పదికి పది వేశాను.

"శభాష్! ఇన్నాళ్లకు నీ చేతికి కుడ్ చిక్కింది" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఇంకేమన్న సెప్తరా మేడమ్?"

"ఇంకేం చెప్పాలె? అన్నీ కరెక్టే."

శుక్రవారం కూడా వచ్చింది. స్టీలు డబ్బాలో మక్క గుడాలు, ఉడకబెట్టిన మొక్కజొన్న గింజలు, తెచ్చింది. పాఠం అయిపోయినా మెట్ల దగ్గర కాసేపు నిలబడింది. బస్సుకు ఇంకా టైముందేమో అనుకున్నాను. "ఆదివారం హాల్ టికెట్ మరువకు" అన్నాను. "సరే మేడమ్" అని మెల్లగా దిగి వెళ్లింది. డబ్బా నా దగ్గరే ఉండిపోయింది.

ఆదివారం క్లినిక్ ఉండదు. కింద పిలుపులు కూడా ఉండవు. పొద్దున్నే లేచి, ఈపాటికి ఆమె సెంటర్‌కు చేరి ఉంటుందనుకున్నాను. ఇల్లు ఊడ్చాను. ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడ్చాను. మిగిలిన గుడాలు వేడి చేసుకుని తిన్నాను. మధ్యాహ్నం మంచం మీద పడుకుని ఫ్యాను చూశాను. ఎంతకీ పొద్దు పోదే! ఏదో ఒక పనికి నన్ను ఎవరైనా పిలిస్తే ఎంత బాగుండు అని పైకే అన్నాను. వినడానికి గోడ తప్ప ఎవరున్నారు?

సాయంత్రం ఫోన్ చేస్తుందనుకున్నాను. చేయలేదు. సోమవారమూ లేదు. మంగళవారం చీర కట్టుకుని కూర్చున్నాను, రాలేదు. కోపం నషాళానికంటింది. పరీక్ష అయిపోయింది, అక్కర తీరింది, ఇక ఈ ముసలిదానితో పనేముంది? నేను ఫోన్ చేస్తానా! చచ్చినా చేయను. అలా మూడు రోజులు నాలో నేనే ఉడికిపోయాను. శుక్రవారం కూడా బస్సు టైము దాటిపోయాక ఇక ఉండబట్టలేదు. డబ్బా వంక దొరికింది. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదని అమ్మ ఎప్పుడూ అనేది, అందుకని రెండు గుప్పెళ్ల చక్కెర పోసుకుని బోధన్ బస్సెక్కాను.

ఒకప్పుడు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు వెళ్లిన రోడ్డు. ఇప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. ఎడపల్లిలో దిగి ఇద్దరిని అడిగితే ఇల్లు దొరికింది.

వసారాలో మంచం మీద ఒక ముసలామె వెల్లకిలా పడుకుని ఉంది. మంచం పక్కన నేల మీద ఆమె. ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకులు. బీడీలు చుడుతోంది.

నన్ను చూసి గబుక్కున లేవబోయింది. నేనే ఆగమన్నాను. తిట్టాలని బస్సులో కూడబెట్టుకున్న మాటలు ఆ చాట చూడగానే సగం మింగేశాను.

"రాకపోతివి. పరీక్ష ఎట్ల రాసినవ్?"

"రాయలే మేడమ్."

"ఎందుకు?"

"అత్తమ్మను ఇడిచి ఎట్ల పోత? క్లాసుకైతే పక్కింటామె రెండు గంటలు సూసింది. దినమంత ఎవలు సూస్తరు మేడమ్, కోతలు గద. వాడకట్టుల మనిషి దొరకలే."

"నాకు ఒక్క మాట చెప్తే నేను రానా? దినమంత ఖాళీగనే ఉంటి గద!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె చేతిలో ఆకు చుట్టడం ఆపలేదు. "మేడమ్‌ను పట్టుకొని, మా అత్త దగ్గర కూసో, ఒంటికి రెంటికి సూడు అని ఎట్ల అడుగుత? నోరు రాలే." బీడీ కొస మడిచి, దారం చుట్టి పక్కన పెట్టింది. "అందుకే రాసిన గద మేడమ్. మీరు టిక్కు వెట్టిండ్రు. సదివి గూడ ఏమనలే గద, మీకు కుదరదేమో అనుకున్న."

కోపంతో అనలేదు. కోపంతో అన్నా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది. ఎంతమంది పిల్లల చేత వాళ్ల బతుకులు రాయించుకున్నానో, ఎన్నిటికి టిక్కులు పెట్టి పక్కన పడేశానో. చక్కెర డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది.

మంచం మీంచి ముసలామె తల తిప్పింది. "ఎవలే గామె?"

"మా మేడమ్, అత్తమ్మా."

"అయ్యో, నిలవడ్డది. కూసొమ్మను."

మంచం పక్కన ఒక పీట ఉంది. ఆదివారం కూర్చోవలసినదాన్ని, శుక్రవారం కూర్చున్నాను.