మా పిల్లలకు ఆ దేశంతోనే మ్యాచ్ కావాలట

మందమర్రిలో నేను ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాను. నిన్న మా జట్టు శ్రీరాంపూర్ పిల్లల చేతిలో మళ్లీ చిత్తుగా ఓడింది. ఈ రోజు అందరూ గ్రౌండ్‌కు వచ్చారు గానీ, బూట్లు పక్కన పెట్టుకుని గోడ మీద కూర్చున్నారు.

"మేడం, ఇగ మేం ఆడం. కాలనీల అందరు నవ్వుతున్నరు" అని గోల్‌కీపర్ రమ్య తేల్చి చెప్పింది.

నేను ఫోన్ తీసి, ఎక్కడో సముద్రం మధ్యనున్న ఒక బుల్లి దేశపు మహిళల జట్టు ఆడిన మ్యాచ్‌ల ఫలితాలు చూపించాను. పైనుంచి కిందిదాకా ఓటములే. "అయినా ఆడటం మానలేదు, చూడండి" అన్నాను.

పిల్లలంతా ఫోన్ మీద పడ్డారు. రమ్య మొహం వెలిగిపోయింది.

"మేడం, గీళ్లతోని మాకొక మ్యాచ్ పెట్టియ్యున్రి. పక్కా గెలుస్తం."

డిఫెన్స్‌లో ఆడే స్టెల్లాకు జాలేసింది. "పాపం, ఒక్కటి సుత గెల్వలే. గీ ఒక్కసారి మనమే ఓడిపోదాం తియ్."

"నేనైతే ఒక్క గోల్ సుత పోనియ్య. నీకు ఆళ్ల మీద గంత పావురం, గంత జాలి ఉంటే ఆళ్ల దిక్కు ఆడు."

ఎన్నటికీ జరగని ఆ మ్యాచ్ గురించి పోట్లాడుకుంటూనే ఇద్దరూ బూట్లు వేసుకున్నారు. వాళ్ల వెనకే మిగతావాళ్లూ దిగారు. నేను చెప్పదలచుకున్న నీతి మాత్రం ఎవరికీ ఎక్కలేదు.

మీలో ఎవరికైనా ఆ దీవిలో తెలిసినవాళ్లుంటే చెప్పండి. వాళ్లు మందమర్రి స్టేషన్‌లో దిగితే చాలు, ఆటో నేను మాట్లాడతాను.