బొచ్చు సాలీడుకు ఏ లైటు?

డిగ్రీలో జువాలజీ చదివే రోజుల్లో, పాలకొల్లు కొబ్బరితోటలో దొరికిన టరాంటులాను, అరచేయంత బొచ్చు సాలీడును, పాత చేపల తొట్టెలో పెంచాను. "చీకట్లో దానికేం కనపడుద్దే, పాపం!" అని నాన్న తొట్టె మీద నలభై క్యాండిల్ బల్బు పెట్టారు. మూడు రోజులు అది కొబ్బరిచిప్ప కింద నుంచి కదల్లేదు. వేసిన బొద్దింకను ముట్టలేదు.

కాలేజీలో మేడంగారిని అడిగాను.

"దానికి లైటు అక్కర్లేదమ్మా, చూడాలన్న సరదా నీది. ఆ బల్బు వేడికి ఎండిపోతుంది, తీసెయ్. చూడాలంటే టార్చికి పలచటి ఎర్ర కాగితం చుట్టు. ఆ రంగు దాని కంటికి అంతగా ఆనదు," అన్నారు.

బల్బు తీసేశాం. మర్నాడు దీపాలు పెట్టే వేళ, ఎర్రటి వెలుగులో ఒక్కో కాలే బయటికి వచ్చింది.

నాన్న కుర్చీ లాక్కుని, "ఇన్ని కాళ్ళలో ముందు ఏది కదపాలో దానికెలా తెలుసుద్దే?" అన్నారు.

ఇద్దరం వంగి చూస్తూ కూర్చున్నాం.