తుమ్మినా అయిపోని పాట

ప్యో యొన్‌దుకు పాటలో దక్కే వాటా ఒక్క పాదం. పాట ఏదైనా సరే, బృందంలోని మిగతా ఐదుగురు అమ్మాయిలూ పల్లవులూ చరణాలూ పంచుకున్నాక అడుగున ఏది మిగిలితే అది ఆమెది. ఆ పాదం పాడేసి, స్టేజి మధ్యలోంచి ఎడమ చివరకు జరిగిపోవాలి. పాట ముగిసేదాకా అక్కడే నవ్వుతూ చేతులూపాలి. తొమ్మిదేళ్ళు అలాగే చేసింది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. బృందాన్ని నడిపే కంపెనీలో దీన్ని పంపకం అనేవారు. ఆరుగురి ముందు ఒక పళ్ళెం పెట్టి ఒకరికి మెతుకులు విదిలిస్తే దాన్ని పంపకం అనరు, అన్యాయం అంటారు. ఆ మాట అక్కడ ఎవరి నోటా రాలేదు.

ఇదంతా ఒక్క మాట వల్ల వచ్చింది.

యొన్‌దుది కొరియాలో గున్సాన్ అనే ఊరు. ఆ వైపు వాళ్ళకు పేరు గుర్తురాని ప్రతిదీ ‘గొషిగి’. కత్తెర కనబడకపోతే “ఆ గొషిగి ఇలా తే” అంటారు. పక్కింటాయన సంగతి చెప్పాలంటే “ఆయనకి కాస్త గొషిగిగా ఉందట” అంటారు. జ్వరమో, అప్పో, కోపమో, వినేవాళ్ళకు తెలిసిపోతుంది. ‘ఆరు చుక్కలు’ బృందం కొత్తగా వచ్చిన రోజుల్లో, ఇంకా ఎక్కడా పాడకముందే, టీవీలో ఒక యాంకరు “నీకిష్టమైన తిండేమిటి?” అని అడిగితే, యొన్‌దు కంగారులో “అదీ... గొషిగి...” అనేసింది. హాలంతా పగలబడి నవ్వింది. కంపెనీ డైరెక్టరు గూ గారొక్కరే నవ్వలేదు.

“యాస పోయేదాకా నువ్వు తక్కువ పాడు,” అన్నారు కారెక్కుతూ.

“పాటలో యాస ఎక్కడుంటుంది డైరెక్టరు గారూ?” అంది బృందానికి పెద్ద రా-ఇన్.

“అంత జాలిగా ఉంటే నీ వాటాలోంచి ఇస్తావా?”

“ఇస్తాను. రాసుకోండి.”

ఆయన అదేదో హాస్యమన్నట్టు తలుపు వేసుకున్నారు. యొన్‌దు యాస ఆరు నెలల్లో పోయింది. వాటా మాత్రం తిరిగి రాలేదు.

గున్సాన్‌లో వాళ్ళది పిండిమర. నానమ్మా అమ్మా కలిసి నడుపుతారు. పండక్కి బియ్యం ఆవిరి పట్టి, తెల్లటి కడ్డీల్లాంటి పిండివంట పొడుగ్గా దింపుతారు. ఆకులు ఎర్రబడే రోజులొస్తే ఊళ్ళో మిరపకాయలన్నీ అక్కడికే వస్తాయి. మనవరాలు మొట్టమొదట టీవీలో పాడింది సరిగ్గా ఆ కారం రోజుల్లోనే. ఆ సాయంత్రమే నానమ్మ ఫోను చేసింది.

“ఏమే, పాడావా లేదా?”

“పాడాను నానమ్మా. చూళ్ళేదా?”

“చూస్తూనే ఉన్నా. ఒక్క తుమ్మొచ్చింది. తుమ్మి తలెత్తేసరికి నువ్వు ఆ మూల నిలబడి ఉన్నావు.”

“అయితే ఆ తుమ్ములో పోయింది.”

“ఏం పాటే అది, తుమ్ముకి కూడా ఆగదు! ఆరుగురికీ కలిపి ఒక్క కడ్డీయా? మన మరలో అయితే మనిషికో కట్ట చుట్టి ఇస్తాం కదే.”

అప్పట్నుంచి టీవీలో ‘ఆరు చుక్కలు’ వస్తుందంటే అమ్మ మర ఆపేసేది. కిటికీలు బార్లా తీసేది. కారానికి వచ్చినవాళ్ళందరినీ ముక్కులు మూసుకోమనేది. “ఎవరైనా తుమ్మారో, మీ కారం రేపే!” అని నానమ్మ గుమ్మంలో కాపలా కూర్చునేది.

యొన్‌దు ఈ కథలన్నీ తోటి అమ్మాయిలకు చెప్పి కడుపుబ్బ నవ్వించేది. తనూ నవ్వేది. హాస్టల్ స్నానాలగదిలో కొళాయి విప్పుకున్నప్పుడు మాత్రం అందరి వాటాలూ కలిపి పాట మొత్తం తనే పాడుకునేది. రా-ఇన్ తలుపు బయట నిలబడి ఎన్నోసార్లు విన్నది. విని, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయేది. ఆ పిల్లకు కావలసింది పేరు కాదు, డబ్బు కాదు. ఒక్క పాట. మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో ఎవరికీ చోటివ్వకుండా.

ఒప్పందంలో ఒక్కొక్కరికీ ఒక సొంత ఆల్బమ్ అని ఉంది. అందరివీ అయ్యాయి. గడువు ముగియవస్తోంది, యొన్‌దు వంతు మిగిలింది. గూ డైరెక్టరు తయారుగా ఉన్న పాటలు నాలుగైదు ముందు పడేసి, ఏదో ఒకటి ఏరుకోమన్నారు.

“నేను రాసిందొకటి ఉందండీ.”

“పేరు?”

“గొషిగి.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “పరాచికాలా?”

“కాదండీ. ప్రేమ పాటే. ఒకమ్మాయికి తన మనసులో ఉన్నదానికి పేరు దొరకదు. నువ్వంటే నాకు... గొషిగి, అంటుంది. పాటంతా అంతే.”

“సియోల్‌లో ఈ మాట వింటే నవ్వుతారు.”

“ఒకసారి నవ్వారు కదండీ. ఏం కాలేదు. నా వాటా పోయిందంతే.”

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. “ఇది ఆడకపోతే మళ్ళీ నీ చేతికి మైకు రాదు. తెలుసుగా?”

“తెలుసండీ. పోతే నా మాటతోనే పోనివ్వండి.”

తొమ్మిదేళ్ళలో ఆమె ఆయనకు చెప్పిన మొదటి ఎదురుమాట అదే.

పాట రికార్డింగు హాయిగా అయిపోయింది. అసలు తంటా రిహార్సల్లో వచ్చింది. సంగీతం మొదలైంది. యొన్‌దు మొదటి పాదం పాడింది, చక్కా ఎడమ పక్కకు జరిగిపోయి చివర నిలబడి చేతులూపసాగింది. స్టేజి నడిమధ్య ఖాళీ.

డాన్స్ నేర్పే తాక్ టీచరు సంగీతం ఆపింది. “ఎక్కడికమ్మా?”

“చోటిస్తున్నా టీచర్.”

“ఎవరికి?”

యొన్‌దు వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. అందరూ నవ్వారు, ఆమె అందరికన్నా ఎక్కువ నవ్వింది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ జరిగింది. ఆ తర్వాత కూడా జరుగుతూనే ఉంటే ఇక ఎవరికీ నవ్వు రాలేదు. గొంతు సిద్ధంగానే ఉంది. కాళ్ళే వినడం లేదు. తొమ్మిదేళ్ళు జరగమంటే జరిగిన కాళ్ళవి.

“టీవీలో ఇలాగే చేస్తే పాట సగం ఖాళీ స్టేజి మీద పోతుంది,” అని టీచరు నెత్తి పట్టుకుంది.

మర్నాడు రా-ఇన్ వచ్చింది, చేతిలో కింబాప్ అనే అన్నపు చుట్టల పొట్లంతో. సంగతి విన్నది. నేరుగా వెళ్ళి స్టేజి ఎడమ చివర, సరిగ్గా యొన్‌దు నిలబడే చోట మఠం వేసుకుని కూర్చుని పొట్లం విప్పింది.

సంగీతం మొదలైంది. మొదటి పాదం అయింది. యొన్‌దు కాలు పక్కకు పడింది.

“చోటు లేదు!” అని అరిచింది రా-ఇన్, నోటి నిండా ముద్దతో.

“అక్కా, కొంచెం జరుగు...”

“జరగను. ఇక్కడ నేనున్నా, నా తిండుంది. చోటు లేదు. పో, మధ్యకు పో!”

యొన్‌దు నవ్వాపుకోలేక మధ్యకు పోయింది. ఆ పూటంతా అలాగే గడిచింది. కింబాప్ అయిపోయినా రా-ఇన్ లేవలేదు.

టీవీలో ప్రత్యక్ష ప్రసారం రోజు వచ్చింది. స్టేజి మీద రా-ఇన్ కూర్చోవడం కుదరదు. మిగతా నలుగురినీ వెంటబెట్టుకుని వచ్చి అభిమానుల మధ్య, ముందు వరుసలో కూర్చుంది. దీపాలు వెలిగాయి. యొన్‌దు మొదటి పాదం పాడింది. గొంతు నిలకడగా ఉంది. ఎడమ కాలు మాత్రం, పాత అలవాటు చొప్పున, పక్కకు లేచింది.

“చోటు లేదు!” అని ఐదు గొంతులు ఒక్కసారిగా అరిచాయి.

చుట్టూ ఉన్న అభిమానులకు అదేమిటో తెలియదు. అరవాల్సిన మాట కాబోలనుకుని వాళ్ళూ అందుకున్నారు. “చోటు లేదు! చోటు లేదు!” హాలంతా మోగిపోయింది. యొన్‌దు ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మైకులోంచి దేశమంతటికీ వినబడింది. లేచిన కాలు ముందుకు పడింది. ఆ తర్వాత పాట ఎక్కడా ఆగలేదు. “నువ్వంటే నాకు... గొషిగి” అన్న చోట హాలు నవ్వింది. ఇది వేరే నవ్వు. తమ మనసులోదీ పేరు లేనిదే అని తెలిసినవాళ్ళ నవ్వు.

స్టేజి దిగేసరికి ఫోను మోగుతోంది.

“ఏమే, తుమ్మాను.”

“అయ్యో నానమ్మా. అమ్మ మర ఆపలేదా?”

“ఎక్కడాపుతుంది, గుమ్మం దాకా మిరపకాయల బస్తాలే. తుమ్మి చూశా, పాడుతున్నావు. మళ్ళీ తుమ్మా, ఇంకా పాడుతున్నావు. లోపలికెళ్ళి ముక్కు కడుక్కునొచ్చా. అప్పటికీ నువ్వే! మధ్యలోనే! ఎవరూ రాలేదేంటే, ఒక్కదానివే అంతసేపా? గొంతు నెప్పెట్టదూ?”

“లేదు నానమ్మా.”

“ఏడుస్తున్నావా?”

“లేదు. అదీ... గొషిగి.”

“సరే సరే. తెలిసిందిలే,” అంది నానమ్మ. ఆమెకు నిజంగానే తెలిసింది.

ఆ నవ్వూ ఆ అరుపూ ఫోన్ల నిండా తిరిగాయి. ఆల్బమ్ దుకాణాల్లోకి రావడం, అయిపోవడం ఒక్కటే అయింది. కొన్ని వారాల్లో అదే టీవీ కార్యక్రమంలో పాటకు మొదటి బహుమతి వచ్చింది. ఎక్కడ పాడినా మొదటి పాదం కాగానే జనం “చోటు లేదు!” అని అరవడం ఆనవాయితీ అయిపోయింది. కాళ్ళు ఏనాడో దారిలో పడ్డా, ఆ అరుపు కోసం యొన్‌దు కావాలని ఒక అడుగు పక్కకు వేస్తుంది.

గూ డైరెక్టరు విలేఖరుల ముందు, “ఆ మాట నాకు మొదట్నుంచీ నచ్చింది,” అన్నారు.

“డైరెక్టరు గారూ, మీ మొహమ్మీద ఏదో గొషిగి అంటుకుంది, తుడుచుకోండి,” అంది పక్కనే ఉన్న రా-ఇన్.

గున్సాన్‌లో పిండిమర ముందు వీధికి అడ్డంగా పెద్ద గుడ్డ బ్యానరు కట్టారు. దాని మీద మనవరాలి బొమ్మ, కింద నానమ్మ చెప్పి రాయించిన మాటలు: ‘నిర్భయంగా తుమ్మండి. పాట పెద్దది.’

కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు యొన్‌దు ఒక షరతు పెట్టింది. కంపెనీలో నేర్చుకుంటున్న పిల్లల్లో ఎవరి వాటా అయినా యాస సాకుతో కోయకూడదు. గూ గారు ఒప్పుకున్నారు. ఒప్పుకోక చేసేదేముంది! అయితే ఆ షరతు నడిచేది ఒక్క కంపెనీలో. మిగతా చోట్ల పిల్లలు ఈపాటికి మొదటి పాదం పాడేసి పక్కకు జరుగుతూనే ఉంటారు.

ఇది అక్కడి గోలే అనుకుని పుస్తకం మూసేయకండి. మీ పిల్లల బడిలో వార్షికోత్సవం ఉంటుంది. చివరి వరుసలో, మూలన, పెదాలు మాత్రం కదిపే పిల్ల ఒకతె ఉంటుంది. యాస మోటుగా ఉందనో, మొహం నల్లగా ఉందనో అక్కడ నిలబెట్టి ఉంటారు. ఈసారి చప్పట్లు కొట్టి ఇంటికి వచ్చేయకండి. నేరుగా వెళ్ళి, ఆ పిల్లకు ఒక పాట పూర్తిగా ఇమ్మని అడగండి. కుదరదంటే మళ్ళీ అడగండి, పక్కవాళ్ళ చేత కూడా అడిగించండి. ఆ పిల్ల పాడుతూ పాడుతూ భయపడి పక్కకు ఒక అడుగు వేసిందా, మొహమాటపడకండి. చోటు లేదని గట్టిగా అరవండి.