సుక్రి గొంతు ఏ సినిమాలోనూ లేదు

నిన్న పొద్దున కాఫీ తాగుతూ టీవీ పెట్టాను. కింద స్క్రోలింగ్‌లో వచ్చింది. "నటి తుషార ఇక లేరు."

ఛానల్ మార్చాను. అక్కడా అదే.

బతికున్నవాళ్ళని చంపెయ్యడం వీళ్ళకి అలవాటే కదా, ఇదీ అలాంటిదే అయ్యుంటుందని ఇంకో ఛానల్ పెట్టాను. అక్కడ ఫొటోకి దండ కూడా వేసేశారు.

కాఫీ చల్లారిపోయింది. 

సంతాపానికి మూడు ఇంగ్లీషు అక్షరాలు పెడితే చాలంది మా మనవరాలు. అన్నేళ్ళు తెలుగు టీచర్‌గా చేసినదాన్ని, మూడక్షరాలతో ఊరుకోలేను.

మీకు తుషార. నాకు సుక్రి. శుక్రవారం పుట్టిందని వాళ్ళమ్మ బుద్రి పెట్టుకున్న పేరు. అనంతగిరి పైన కొండ మీద వాళ్ళ ఊరు. అరకులో హాస్టల్‌లో ఉండి నా దగ్గర చదువుకుంది.

ముందు ఆ పిల్ల గొంతు గురించి చెప్పాలి.

చోళ్లు విసిరే తిరగలిలా బరువైన గొంతు. సెలవులకి ఇంటికెళితే చేనుకి కాపలా తనే. ఒక్క కేక వేస్తే చిలకలు ఒడిశా దాకా ఎక్కడా వాలవని బుద్రి గొప్పలు చెప్పేది. నేను నమ్మలేదు. ఒకరోజు క్లాసులో పద్యం చదివించాను. నమ్మాను.

తొంభైల్లో అరకంతా షూటింగులే. ప్రతి హీరో వెనకాలా థింసా ఆడే అమ్మాయిలు కావాలి. పదో తరగతి పరీక్షలయ్యాక సుక్రి కూడా వెళ్ళింది. థింసా అంటే వీపుల వెనక చేతులు గొలుసులా పట్టుకుని ఆడేది. డాన్స్ మాస్టరు ఆ చేతులు వదిలేసి హీరో చుట్టూ చేరమన్నాడు.

"సేతులొదిలీసి ఆడితే థింసా ఏటవుతాది బాబూ? గెంతులవుతాయి గానీ" అంది.

ఆ యాసకి యూనిట్ అంతా నవ్వింది. డైరెక్టర్ మాత్రం ఆ మొహం చూశాడు.

మొహమే చూశాడు.

అరకు మంచు గుర్తుగా తుషార అని పేరు పెట్టారు. ఆ రోజు మంచే లేదు. వాళ్ళు తెచ్చుకున్న పొగ మిషన్ అది.

హీరోయిన్ ఫ్రెండ్. హీరో చెల్లెలు. తర్వాత సీరియల్స్‌లో విలన్ వదిన. ముప్పై నిండకుండానే అత్తగారు. నటన బాగుండేది, అది నేను పెంచుకుని చెప్పడం లేదు. కానీ ప్రతిసారీ డబ్బింగ్ ఇంకొకరు. "ఫేస్‌కి వాయిస్ సెట్ కాదు" అనేవారట. తెర మీద ఆడదాని గొంతు ఆవిడదేనా అని మనం ఎప్పుడైనా అడిగామా?

బుద్రి అడిగింది. మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని.

"టీచరమ్మా, నోరు మా గుంటదే. మాటలెవులివి?"

వేరే ఆవిడవి అన్నాను.

"మరి మా గుంటకి మాట పడిపోనాదేటి?" అని కంగారుపడిపోయింది.

ఫోన్‌లో ఈ సంగతి చెబితే సుక్రి నవ్వింది. "నా నోరు అద్దెకిచ్చీసినానని సెప్పండి మేడమ్."

తర్వాత ఒకసారి ఊరొచ్చినప్పుడు ఇద్దరం అరకు సంతకి వెళ్ళాం. చీరల కొట్టావిడ ఆపేసింది. "ఏమ్మా, ఆ కోడలుపిల్లని అంతలా ఏడిపిస్తావేం? నీకు ఆడపిల్లలు లేరూ?"

"నానేటి సేత్తానమ్మా, రాసినోలు అలాగ రాసినారు" అంది సుక్రి.

ఆవిడ మొహం మారిపోయింది. "అబ్బే, నువ్వామెవి కాదులే. ఆవిడ గొంతు నాకు తెలీదూ, రోజూ వింటాను! పోలికలున్నాయి, అంతే."

సుక్రి వాదించలేదు. తిరిగొస్తూ జీపులో అంది.

"మా అమ్మకి నా గొంతు టీవీలో ఇనిపించాల మేడమ్. ఒక్కసారి సాలు. ఆ తర్వాత మానీసినా పరవానేదు."

ఆ ఒక్కసారి వచ్చింది కూడా. ఒక సీరియల్‌లో కొండ మనిషి వేషం. సొంత గొంతే అని డైరెక్టర్ మాటిచ్చాడు. స్టూడియోకి వెళ్ళి తనే డబ్బింగ్ చెప్పుకుంది. "కేకెయ్యమన్నారు మేడమ్. ఏసినాను. మైకు అవతలికి జరిపీసినారు!" అని ఎంత సంబరపడిందో.

ప్రసారం రోజున వాళ్ళ ఊళ్ళో టీవీ ఉన్న ఇంటి ముందు ఊరంతా కూర్చుంది. నేనూ వెళ్ళాను. బుద్రి కొత్త చీర కట్టుకుంది.

తెర మీద కొండ అంచున నిలబడి సుక్రి నోరు తెరిచింది.

సన్నగా, తీగలాంటి గొంతు వచ్చింది. ఎవరిదో.

తర్వాత తెలిసింది. ఛానల్ వాళ్ళకి సుక్రి యాస "నేచురల్"గా అనిపించలేదట. మైదాన ప్రాంతంలో పుట్టిన అమ్మాయి చేత కొండ యాస మళ్ళీ చెప్పించారట. ఇన్నేళ్ళు పరీక్ష పేపర్లు దిద్దాను, ఇంత తప్పు వాక్యం నా కంట పడలేదు.

యాడ్స్ రాకముందే బుద్రి లేచి వెళ్ళిపోయింది.

షూటింగ్ నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మ ఇన్నాదా మేడమ్?"

చెప్పాను.

"అలాగా" అంది. అంతే.

ఆ తర్వాత ఎవరినీ ఏమీ అడగలేదు. వేషాలు తగ్గాయి. కామెర్లు ముదిరేదాకా ఎవరికీ చెప్పలేదు. వాళ్ళమ్మకి కూడా.

నిన్న సాయంత్రం బుద్రి దగ్గరికి వెళ్ళాను. సుక్రిని హైదరాబాద్ నుంచి ఇంకా తీసుకురాలేదు. ఆ రోజు ఊరంతా చూసిన అదే ఇంట్లో అదే టీవీ. "ఆ గొంతు మూగబోయింది" అని పెద్దక్షరాలు వేసి, తుషార సీన్లు వరసగా చూపిస్తున్నారు.

ఏ గొంతు? ఆ గొంతు ఇచ్చినావిడ హైదరాబాద్‌లో క్షేమంగా ఉంది. నూరేళ్ళు ఉండాలి, ఆవిడ తప్పేముంది?

బుద్రి తల తిప్పకుండా అంది, "ఆ సౌండు తీసీండ్రా."

తీసేశారు. మాటల్లేకుండా సుక్రి పెదాలు కదులుతుంటే బుద్రి అలాగే చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడు నా గుంటే" అంది.

ఇన్ని సినిమాలు, ఇన్ని సీరియల్స్. ఆ పిల్ల గొంతు ఒక్క ముక్క ఎక్కడా లేదు. వాళ్ళమ్మ చెవుల్లో ఉంది. నా చెవుల్లో ఉంది.

మా ఇద్దరి వయసూ ఎంతో మీరే లెక్కేసుకోండి.

వెళ్ళి రా సుక్రీ. నీ బదులు ఇంకొకరు మాట్లాడని చోట చల్లగా ఉండు తల్లీ. అక్కడ ఎంత గట్టిగా కేకేసినా, మైకు జరిపేవాళ్ళు ఉండకూడదు.