తిరుత్తణి కొండ మీద పోయిన రెండు జడలు

ఈ మధ్య ఊత్తుకోటలో మా అక్క వాళ్ళింటికి ఎవరు పోయినా గోడ మీద ఒక ఫోటో చూస్తారు. తర్వాత నన్ను చూస్తారు. తర్వాత నవ్వుతారు. ఎందుకో చెప్తాను వినండి. ముందు నోట్లో ఉండే టీ మింగేయండి, లేకుంటే ముక్కులోకి పోతాది, నా పూచీ కాదు.

మా సుగుణక్కకు ఒక్కడే కొడుకు, బుజ్జి. ఏడాదిన్నర పిల్లోడు. తిరుత్తణి స్వామికి మొక్కు అని, పుట్టినప్పటి నుంచి కత్తెర తగలనీకుండా జుట్టు పెంచినారు. అక్క వాళ్ళ అత్తగారింట్లో ఒక అలవాటు ఉంది. మగపిల్లోడైనా సరే, గుండు కొట్టించే ముందు పావడా కట్టి, పూలజడ వేసి, ఒక ఫోటో తీస్తారు. ఆ ఫోటోలన్నీ వరసగా గోడకు ఉంటాయి. మా బావది కూడా ఉంది. ఇప్పుడు ఇంత మీసం పెట్టుకోని తిరిగే మనిషి, ఆ ఫోటోలో కనకాంబరాలు పెట్టుకోని ముద్దుగా ఏడుస్తా ఉంటాడు. దాని పక్కన బుజ్జి ఫోటో కోసం అవ్వ ముందే మేకు కొట్టించి పెట్టింది. అవ్వ అంటే బావ వాళ్ళమ్మ. కాలు విరిగి మంచం మీద ఉంది, కొండకు రాలేకపోయింది.

"నాకు ప్రసాదం తేకున్నా పరవాలేదు, మనవడి పూలజడ ఫోటో తెచ్చి చూపించండి" అన్నది. ఆమె అడిగింది అదొక్కటే.

ఆ ఫోటో తీసే పని నాకిచ్చినారు!

నా సంగతి మీకు తెలుసు కదా. పదో తరగతితో చదువు ఆగిపోయింది. కంపెనీలో అట్టపెట్టెలకు టేపు వేసే పని. మనసు మాత్రం టేపుకు అతుక్కోదు. వాన పడితే చాలు, దుమ్ము పట్టిన పెట్టె మీద వేలితో ఎవరి పేరో రాస్తా ఉంటాను. ఎవరి పేరో నాకే తెలీదు. అట్టాంటోడు మామూలు సెల్ ఫోన్‌తో ఫోటోలు తీస్తాడా? కంపెనీలో ఒకాయన్ని బతిమాలి పెద్ద కెమెరా తెచ్చినాను. కొండ మీద మెడలో అది తగిలించుకోని ఆర్డర్ వేసినాను.

"అందరూ ఫోన్లు సంచీలో పెట్టేయండి! ఫ్రేములో ఒక్క ఫోన్ కూడా కనిపించకూడదు!"

"దేనికన్నా మంచిది, నేనొకటి తీసి పెట్టుకుంటానే బామ్మర్దీ" అన్నాడు బావ.

"అంటే నా మీద నమ్మకం లేదా బావా?"

పాపం, మంచోడు. ఫోన్ సంచీలో పెట్టేసినాడు.

అక్క మెట్ల మీద కూర్చోని బుజ్జికి సవరం పెట్టి, పూలు కుట్టి, గంటసేపు జడ వేసింది. నేను ఫోటోలు తీసినాను. వాడు ఒక్క చోట ఉంటే కదా! ఇట్ట తిరిగితే చెవి వచ్చింది, అట్ట తిరిగితే ఏడుపు వచ్చింది. ఇంకా టైం ఉందిలే అనుకోని, గుండ్లు కొట్టే చోట వరసలో నిలబడినాము. అక్క ముందు, చంకలో బుజ్జి, అక్క వెనకాల నేను.

అప్పుడు చూసినాను. అక్కకు ముందు ఒకమ్మాయి. జడ మోకాళ్ళ దాకా! మల్లెలు, మధ్యలో కనకాంబరాలు. గాలి వస్తే జడ ఊగుతా ఉంది, దాంతోపాటు నా లోపల ఏదో ఊగుతా ఉంది. నా చెయ్యి నా మాట వినలేదు. టిక్. టిక్. టిక్. ముఖం కనపడలేదు, జడ ఒక్కటే. ఉన్నట్టుండి ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. తిరిగి నవ్వింది! కుడి కనుబొమ్మ మీద చిన్న మచ్చ. అది కూడా నవ్వినట్టే ఉంది. నా కోసమే నవ్వింది అనుకున్నాను. టిక్.

తర్వాత ఏమైందో సరిగ్గా గుర్తు లేదు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి గుండు కొట్టాలి కాబట్టి బుజ్జి నా ఒడిలో ఉన్నాడు, చెవులో అరుస్తా ఉన్నాడు, నేను మాత్రం జనంలో జడ కోసం వెతుకుతా ఉన్నాను. లేదు. వాడి తలకు చందనం పూసి బావ చేతికిచ్చి, మెట్లన్నీ ఎక్కి దిగినాను. యాడా లేదు.

మెట్ల పక్కన ఒకమ్మాయి నిలబడి ఉంది. ఆమె కూడా అప్పుడే గుండు చేయించుకున్నట్టుంది, నెత్తి నుంచి కనుబొమ్మల దాకా పచ్చగా చందనం. తమిళంలో అడిగినాను, ఇక్కడ పొడుగు జడ అమ్మాయిని చూసినారా అని.

"తెలుగే మాట్లాడన్నా. మీ అక్క అరుపులు కొండంతా వినిపిస్తా ఉండాయి" అన్నది.

నన్ను "అన్నా" అని పిలిచింది. సరే, ఈమె పిలిస్తే నాకేం నష్టం?

"జడ మోకాళ్ళ దాకా ఉంటాదండి. మల్లెలు, కనకాంబరాలు. ఒక్కసారి తిరిగి చూసింది, అంతే. ఆ ముఖం ఏడు జన్మలైనా మర్చిపోను."



"అట్టనా అన్నా? ఆ జడ లోపలికి పోయేది చూసినాను. బయటికి వచ్చేది మాత్రం చూడలేదు."

"ఫోటో చూపిస్తాను ఉండండి, గుర్తుపడతారు!" అన్నాను. కెమెరాలో బొమ్మ చిన్నది కదా, మెమరీ కార్డు తీసి నా ఫోన్‌లో పెట్టి పెద్దగా చూపిద్దామని మూత తెరిచినాను. పక్కన ఎర్ర లైటు టకటకమని కొట్టుకుంటా ఉంది.

"ఆ లైటు ఆరనీ అన్నా..." అనేలోపల లాగేసినాను.

ఫోన్‌లో పెడితే, కార్డు చెడిపోయింది అన్నది. మళ్ళీ కెమెరాలో పెడితే, కార్డు చదవలేను, ఫార్మాట్ చేయమంటావా అని అడిగింది. ఎంత మర్యాదగా అడిగిందో! ఓకే మీద నా వేలు. ఆ అమ్మాయి ఒక్క దుముకు దూకి కెమెరా లాక్కోని ఆఫ్ చేసేసింది.

"నొక్కినావంటే ఉండేది కూడా పోతాది! దీంట్లో ఇంక ఒక్క ఫోటో కూడా తీయొద్దు. తిరువళ్ళూరు స్టేషన్ దగ్గర సెల్ ఫోన్ రిపేరు అంగడిలో పనిచేస్తాను నేను. సెల్వి అని అడుగు. తీసుకోని రా, చూస్తాము."

ఇంక అక్కకు చెప్పాలి. చెప్పినాను.

అక్క అరవలేదు. అదే భయం వేసింది. బుజ్జి నున్నటి గుండును ఒకసారి తడిమింది. "మేకు కొట్టి పెట్టింది రా ఆ ముసలామె" అన్నది, అంతే, కళ్ళల్లో నీళ్ళు.

బావే ధైర్యం చేసి, తీసి పెట్టిన సవరం మళ్ళీ గుండుకు రిబ్బనుతో కట్టి చూసినాడు. కొబ్బరికాయకు తోక మొలిచినట్టుంది. వాడు ఆ తోక లాక్కోని రెండు కనకాంబరాలు తినేసినాడు. ఇంటికి పోయినాక అవ్వకు, ఫోటో కడుగుతా ఉండారు, రెండు రోజులు పడతాది అని అబద్ధం చెప్పినాము. ఆమె నమ్మి మేకుకు బూజు దులిపించింది.

రెండో రోజు అక్కా నేనూ తిరువళ్ళూరు పోయినాము. సెల్వి తలకు కనుబొమ్మల దాకా చున్నీ చుట్టుకోని కంప్యూటర్ ముందు ఉంది. అక్క కూర్చోగానే, "నిన్ను యాడో చూసినానే అమ్మా" అన్నది. సెల్వి నవ్వి కార్డు అందుకుంది. నేను మాత్రం కార్డునే చూస్తా ఉండాను. గోరంత ముక్క. దీంట్లో బుజ్జి జడ ఉందా, పోయిందా? పోతే యాడికి పోతాది? నాకు అది తెలుసుకోవాలని ఒకటే ఇది.

"పోయింది మళ్ళీ ఎట్టా వస్తాది సెల్వీ?"

"సత్రంలో రూముల రిజిస్టర్ చిరిగిపోయిందనుకో అన్నా. రూముల్లో ఉండేవాళ్ళు పోతారా? ఉంటారు. ఎవరు యాడ ఉండారో చెప్పేవాళ్ళు లేరు, అంతే. ఈ సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క తలుపూ తట్టుకుంటా పోతాది. నువ్వు కొత్త ఫోటో తీసుంటే, పాతోళ్ళను తోసేసి కొత్తోళ్ళను రూములో పెట్టినట్టు. అందుకే వద్దన్నాను."

ఆహా! ఎంత బాగా చెప్పింది! తుడిచేసినా ఏదీ పోదు, తలుపు వెనకాల కూర్చోని ఉంటాది. నాకు వెంటనే ఒక కవిత వచ్చేసింది. చెప్పబోయినాను. అక్క కాలు తొక్కింది.

స్క్రీన్ మీద పచ్చ గీత పాక్కుంటా పోతా ఉంది. మొదటి తలుపు తెరుచుకుంది.

మేక!

ఇంకో మేక. ఎడమ పక్క నుంచి మేక, కుడి పక్క నుంచి మేక. కెమెరా ఇచ్చినాయన ఎప్పుడో అమ్మడానికి తీసి తుడిచేసిన మేకలు, ముప్ఫై పైనే. తర్వాత అద్దం ముందు కెమెరా పట్టుకోని గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న ఒకడు. నేనే. పదకొండు ఫోటోలు. అవి నేను తుడిచేసినాను, నిజంగా తుడిచేసినాను! సెల్వి ఒక్కొక్కటీ పెద్దది చేసి, బాగా వచ్చిందో లేదో చూసింది.

తర్వాత బుజ్జి వచ్చినాడు. అక్క కుర్చీ ముందుకు లాక్కుంది. పూలజడ, పావడా... సగం. కింద సగం బూడిద రంగు. ఇంకొకటి, కన్ను వరకే. ఇంకొకటి తెరుచుకోనే లేదు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మేకు కనిపిస్తా ఉంది, ఖాళీ మేకు.

తర్వాత జడ. వట్టి జడ. ఇంకో జడ. ఒక్కటీ చెడిపోలేదు, దారం కూడా లెక్కపెట్టొచ్చు. ఇరవై మూడు.

"ఎవరిది రా ఈ జడ?" అన్నది అక్క. గొంతు చాలా మెల్లగా ఉంది. "నా కొడుక్కు సగం ముఖం. దీనికి ఇరవై మూడా?"

భూమి ఎప్పుడు చీలాలో అప్పుడు చీలదు. చివరి ఫోటో అప్పుడే తెరుచుకుంది. ఆ అమ్మాయి వెనక్కి తిరిగిన ఫోటో. మచ్చ, నవ్వు, అన్నీ. నేను ఒళ్ళు మర్చిపోయి స్క్రీన్‌కు దగ్గరగా పోయినాను. "ఇదే సెల్వీ! నేను చెప్పింది ఈ అమ్మాయే!"

అక్క మాత్రం కెవ్వుమన్నది. "బుజ్జి!"

అప్పుడు కనిపించినాడు నాకు. అక్క భుజం మీద నుంచి బుజ్జి. ఆ అమ్మాయి జడ పిడికిట్లో పట్టుకోని లాగినాడు, లాగి, చూడు మామా ఏం పట్టుకున్నానో అన్నట్టు నా వైపు తిరిగి, ఉండే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వినాడు. పూలజడ ముందుకు పడి ఉంది. అద్దం మాదిరి స్పష్టంగా! ఆ అమ్మాయి తిరిగింది వీడు లాగినందుకు. నవ్వింది వీడిని చూసి. నేను మధ్యలో యాడా లేను.

అక్క స్క్రీన్ చూసింది, సెల్విని చూసింది. "ఏమ్మా, ఇది నువ్వే కదా!"

"ఏందక్కా నువ్వు, ఆమెకు ఇంత జడ..." అంటా తిరిగినాను. సెల్వి చున్నీ కొంచెం పైకి జరిపింది.

కుడి కనుబొమ్మ మీద మచ్చ.

"ఏడు జన్మలైనా మర్చిపోడంటక్కా ఆ ముఖాన్ని" అన్నది సెల్వి. "కొండ మీద నా ముఖానికే చెప్పినాడు."

అక్క రెండు రోజులుగా దాచుకున్న ఏడుపంతా నవ్వై వచ్చింది. టేబుల్ కొట్టి కొట్టి నవ్వింది. సెల్వి మాత్రం నవ్వు ఆపి నా వైపు తిరిగింది.

"నవ్వినాను సరే అన్నా. అడగకుండా ఒకరి ఫోటో ఇన్ని తీయొచ్చా?"

తల ఎత్తలేకపోయినాను. "తప్పే. తుడిచేయండి." అంతటితో ఊరుకోవచ్చు కదా? నాకు తెలుసుకోవాలని ఒకటే ఇది కదా! "కానీ, తుడిచినా మళ్ళీ వస్తాయి కదా?"

అక్క వీపు మీద ఒక్కటిచ్చింది.

"రాకుండా చేసేది కూడా తెలుసు" అన్నది సెల్వి. బుజ్జి ఫోటోలు, మేకలు కంప్యూటర్‌లో భద్రం చేసి, కార్డంతా తుడిచి, అది నిండే దాకా ఆ మేకలనే మళ్ళీ మళ్ళీ నింపింది. "ఇప్పుడు జడలున్న రూముల్లో మేకలుండాయి."

బుజ్జి జడ లాగే ఆ చివరి ఫోటో మాత్రం తనకొకటి కావాలన్నది. వాళ్ళమ్మకు ఒళ్ళు బాగైతే జడ ఇస్తానని మొక్కుకుందంట. ఇచ్చేముందు ఒక్క ఫోటో కూడా తీసుకోలేదంట.

"ఇచ్చేదాన్ని ఫోటో తీసి దాచుకుంటే ఇచ్చినట్టా అనిపించింది. అమ్మ మాత్రం రోజూ అడుగుతాది, ఒకటన్నా తీసుకోకపోయినావే అని. ఇది నేను తీసుకోలేదు, దానంతట అదే వచ్చింది. స్వామి ఏమనుకోడులే."

ఫోటో మేకుకు ఎక్కింది. అవ్వ మంచం మీద నుంచే చూసి, "అబ్బ, వాళ్ళ నాయన కంటే బాగుండాడు" అన్నది. బావ మీసం సర్దుకున్నాడు. ఇప్పుడు ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ, పక్కన ఆ అమ్మాయి ఎవరని అడుగుతారు. అక్క నా వైపు చెయ్యి చూపిస్తాది. "మా దామూని అడగండి. ఏడు జన్మలు గుర్తు పెట్టుకున్నోడు."

అయిపోయింది అనుకుంటా ఉండారా? ఆగండి. మూడు నెలలు గడిచినాక నిన్న మళ్ళీ తిరువళ్ళూరు పోయినాను. ఫోన్‌కు కవర్ కొనడానికే, ఒట్టు! అంగట్లో చున్నీ లేదు, గుండు లేదు. పొట్టి జుట్టు, కళ్ళజోడు పెట్టుకున్న ఒకమ్మాయి తల వంచుకోని ఏదో ఫోన్ విప్పుతా ఉంది. నేను గొంతు సవరించుకోని, క్రాఫు సరిచేసుకోని, చాలా మర్యాదగా అడిగినాను.

"ఏమండీ, సెల్వి లేదా?"

ఆ అమ్మాయి తల ఎత్తింది.

"ఇది రెండో జన్మా అన్నా?"